రెండు నెలల ఎండకు ఊరు విడవడమా?

విజయవాడ గవర్నర్‌పేటలో, దాన్ని ఆనుకుని ఉన్న సూర్యారావుపేటలో స్థిరపడిన విశ్రాంత ఉద్యోగుల ఇళ్ళలో ఏటా ఏప్రిల్ వచ్చేసరికి ఒకే ఆలోచన తలెత్తుతుంది: ఉన్న ఇల్లో ఫ్లాటో అమ్మేసి, ఎండ తక్కువగా ఉండే చోటికి మకాం మార్చడం. ఆ చోటు చాలామంది లెక్కలో ఉత్తరాన ఉంటుంది. దగ్గరలో అయితే హైదరాబాద్, విశాఖపట్నం; ఇంకాస్త తెగించినవారికి అరకు; పిల్లలు ఢిల్లీలోనో నోయిడాలోనో ఉద్యోగాలు చేస్తుంటే డెహ్రాడూన్, ఋషీకేశ్. అరవై దాటాక బెజవాడలో ఉండటం మొండితనమనీ, వెళ్ళే స్తోమత ఉండి కూడా వెళ్ళకపోవడం తెలివితక్కువతనమనీ ఒక అభిప్రాయం బంధువుల్లో, పాత సహోద్యోగుల్లో బాగా పాతుకుపోయింది. దానికి ఆధారం నాలుగు నమ్మకాలు. ఉత్తరానికి పోయేకొద్దీ చల్లగా ఉంటుందన్నది మొదటిది. వృద్ధులకు వాతావరణం వల్ల కలిగే చేటంతా ఎండ వల్లేనన్నది రెండోది. ఊరు మారితే ఆ ప్రమాదం తప్పుతుందన్నది మూడోది. మారడానికయ్యే ఖర్చు ఒక్కసారితో తీరిపోతుందన్నది నాలుగోది. వరసగా పరిశీలిస్తే నాలుగింటిలో ఒక్కటీ నిలవదు.

విజయవాడ ఎండను తక్కువ చేసి చూపాల్సిన పని లేదు. మే నెలలో ఇక్కడి పగటి ఉష్ణోగ్రత సగటే 40 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది. పడమటి గాలి వీచే రోజుల్లో 44, 45 డిగ్రీలకు పోతుంది. సముద్రం డెబ్బై కిలోమీటర్ల దూరంలోనే ఉన్నా, దక్కను పీఠభూమి మీదుగా వచ్చే పొడి గాలి బలంగా ఉన్న రోజున సముద్రపు గాలి నగరం దాకా చేరదు. నగరం మధ్యనుంచి పోయే ఏలూరు, బందరు, రైవస్ కాలువలను సరిగ్గా ఆ నెలల్లోనే కట్టేస్తారు. పగలంతా ఎండను పీల్చుకున్న కాంక్రీటు శ్లాబు అర్ధరాత్రి దాకా ఆ వేడిని గదిలోకి వదులుతూనే ఉంటుంది. 2015 మే నెలాఖరు వడగాడ్పులకు రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి రెండువేల మందికి పైగా చనిపోయారు. వారిలో కూలిపనులవారు, వృద్ధులు ఎక్కువ. కాబట్టి జబ్బు నిజమే. వివాదమంతా మందు గురించి.

మొదటి నమ్మకం భూగోళ పాఠాన్ని సగమే గుర్తుపెట్టుకోవడం వల్ల పుట్టింది. భూమధ్యరేఖకు దూరమయ్యేకొద్దీ చలి పెరుగుతుందన్నది ఏడాది మొత్తం సగటుకు వర్తించే సూత్రం. భారతదేశపు మైదానాల్లో మే, జూన్ నెలలకు అది వర్తించదు. మే మొదటి వారంలో విజయవాడ నడినెత్తిన ఉండే సూర్యుడు ఆ తరువాత ఉత్తరానికే జరుగుతాడు. జూన్ 21 నాటికి ఢిల్లీలో మధ్యాహ్నపు సూర్యుడు దాదాపు నడినెత్తిన ఉండటమే కాదు, పగలు పద్నాలుగు గంటలు సాగుతుంది. విజయవాడలో ఆ రోజు పగలు పదమూడు గంటలే. మేఘం లేని ఆకాశం, తడి లేని నేల, పైగా ఒక గంట అదనపు ఎండ కలిస్తే ఏమవుతుందో రాజస్థాన్‌లోని ఫలోడి చూపింది. 2016 మే 19న అక్కడ నమోదైన 51 డిగ్రీలు దేశపు రికార్డు. అంత దూరం పోనక్కరలేదు. విజయవాడ నుంచి రైలెక్కి ఉత్తరానికి బయలుదేరితే ముందు తగిలేది ఖమ్మం. ఆ చుట్టుపక్కలే కొత్తగూడెం, భద్రాచలం. ఆ పైన రామగుండం. వేసవిలో పత్రికల ఉష్ణోగ్రతల పట్టికలో బెజవాడను మించి కనిపించే ఊళ్ళు ఇవే.

వేసవి ముగిసే తేదీ కూడా ఉత్తరవాసికి అనుకూలం కాదు. నైరుతి రుతుపవనాలు మామూలుగా జూన్ 1 ప్రాంతంలో కేరళను తాకి, మృగశిర కార్తె ప్రవేశించే రోజులకు, అంటే జూన్ రెండో వారానికల్లా కృష్ణా డెల్టాకు చేరతాయి. అవే మేఘాలు ఢిల్లీకి చేరేసరికి జూన్ నెల చివరి రోజులవుతాయి. రోహిణి కార్తె తప్పించుకోవాలని ఉత్తర మైదానాలకు వెళ్ళినవారు ఇంటిదగ్గర తొలకరి పడుతున్నప్పుడు అక్కడ ఇంకో రెండు మూడు వారాలు ‘లూ’ అనే వడగాడ్పుల్లో గడపాల్సి వస్తుంది.

ఉష్ణోగ్రతను నిజంగా తగ్గించేది దిక్కు కాదు, ఎత్తు, లేదంటే సముద్రం. ఎత్తు పెరిగే ప్రతి కిలోమీటరుకు ఉష్ణోగ్రత సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుందన్నది స్థూలమైన లెక్క. ఆ లెక్కన సుమారు 540 మీటర్ల ఎత్తున్న హైదరాబాద్‌కు మూడున్నర డిగ్రీల లాభం రావాలి. కానీ సముద్రానికి దూరంగా, రాతి నేల మీద, కాంక్రీటు మధ్య ఉండటంతో ఆ లాభంలో చాలా భాగం హరించుకుపోతుంది. మే నెల పగటి సగటులో రెండు నగరాలకూ తేడా ఒకటి రెండు డిగ్రీలే. హైదరాబాద్ గెలిచేది ఉక్కపోత విషయంలో. అక్కడి గాలి పొడిగా ఉండి రాత్రులు కొంత తేలికగా గడుస్తాయి. ఇది నిజమైన సుఖమే, కానీ ఇల్లు అమ్ముకునేంత సుఖం కాదు.

విశాఖపట్నం లెక్క దీనికి తలకిందులు. అక్కడ మే నెల పగళ్ళు విజయవాడ కంటే నాలుగైదు డిగ్రీలు తక్కువగా ఉంటాయి. అయితే శరీరం చల్లబడేది చెమట పట్టడం వల్ల కాదు, పట్టిన చెమట ఆరడం వల్ల. తేమ నిండిన గాలిలో చెమట ఆరదు. రాత్రి 28 డిగ్రీల దగ్గరే ఆగిపోయే సముద్రతీరంలో ఒంటికి తెరిపి దొరకదు. భారత వాతావరణ శాఖ వడగాడ్పును నిర్ణయించడానికి మైదానాల్లో 40 డిగ్రీలను కనీస పరిమితిగా పెట్టి, తీర ప్రాంతాలకు దాన్ని 37కే కుదించింది కూడా. వేసవి తప్పించుకున్నామనుకున్నవారికి అక్టోబరు, నవంబరు తుపాన్లు వేరే ఖాతాలో ఉంటాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ నేరుగా తాకింది విశాఖనే.

ఇక కొండలు. అరకు 900 మీటర్ల ఎత్తున చల్లగానే ఉంటుంది. కానీ గుండెనొప్పి వస్తే పెద్ద ఆస్పత్రి కోసం వందకు పైగా కిలోమీటర్లు ఘాట్ రోడ్డు దిగి విశాఖ చేరాలి. హిమాలయ పాదాల్లోని డెహ్రాడూన్ ఒకప్పుడు ఫ్యాను అక్కరలేని ఊరిగా పేరుపడింది. 2024 వేసవిలో అక్కడ ఉష్ణోగ్రత 43 డిగ్రీలు దాటింది. ఇంకా పైకి పోతే మెట్లు, ఏటవాలు దారులు, వానాకాలపు కొండచరియలు ఉంటాయి. 2023 జనవరిలో జోషీమఠ్‌లో ఇళ్ళు బీటలువారి కుటుంబాలను ఖాళీ చేయించాల్సి వచ్చింది. దక్షిణాన ఎప్పుడూ చల్లని ఊరిగా ఉదాహరించే బెంగళూరులోనూ 2016 ఏప్రిల్‌లో 39.2 డిగ్రీలు నమోదయ్యాయి; 2024 మార్చిలో ఆ నగరం నీళ్ళ ట్యాంకర్ల కోసం వరసకట్టింది.

భవిష్యత్తులో ఎండలు ఇంకా ముదురుతాయి కాబట్టి ఇప్పుడే కదలడం మంచిదన్న వాదన ఒకటుంది. ముదురుతాయన్నది నిజం. అయితే ముదరడం ఒక్క బెజవాడకే పరిమితమన్నది అందులో దాగిన అబద్ధం. ఏభయ్యో అక్షాంశం మీద, చలిదేశమైన కెనడాలో, లిటన్ అనే చిన్న ఊళ్ళో 2021 జూన్ 29న 49.6 డిగ్రీలు నమోదయ్యాయి; మర్నాడు ఆ ఊరు కార్చిచ్చులో కాలిపోయింది. 2022 జులై 19న ఇంగ్లండ్‌లో ఉష్ణోగ్రత చరిత్రలో తొలిసారి 40 డిగ్రీలు దాటింది. ఎండ తెలియని ప్రాంతానికి హఠాత్తుగా ఎండ వస్తే అక్కడి ఇళ్ళు, వైద్యం, మనుషుల అలవాట్లు ఏవీ దానికి సిద్ధంగా ఉండవు. వేసవిని తరతరాలుగా ఎరిగిన ఊళ్ళో మధ్యాహ్నం పనులు ఆగుతాయి, కొట్లు సాయంత్రం పుంజుకుంటాయి, చలివేంద్రాలు వెలుస్తాయి, మజ్జిగ, తాటిముంజలు, రాగిజావ ఎవరూ చెప్పకుండానే ఇంటికి వస్తాయి. ఈ సన్నద్ధత ఇల్లు మారితే వెంట రాదు.

రెండో నమ్మకం ప్రకారం వృద్ధుల ప్రాణానికి ఎండే ప్రధాన శత్రువు. వయసు పైబడ్డాక దాహం తెలియడం తగ్గుతుంది, చెమట తగ్గుతుంది, రక్తపోటుకు వాడే, మూత్రాన్ని పెంచే మాత్రలు ఒంట్లో నీటిని మరింత తగ్గిస్తాయి. ఇవన్నీ నిజాలు. కానీ చలి చేసే పని వీటికంటే చిన్నది కాదు. చలికి రక్తనాళాలు ముడుచుకుని రక్తపోటు పెరుగుతుంది. గుండెపోటు, పక్షవాతం, న్యుమోనియా ముసురుకుంటాయి. కీళ్ళనొప్పుల సంగతి సరేసరి. పదమూడు దేశాల్లోని 384 ప్రాంతాల మరణాలను విశ్లేషించి 2015లో లాన్సెట్ పత్రిక ప్రచురించిన అధ్యయనంలో, చలికి ఆపాదించదగిన మరణాలు 7 శాతానికి పైగా ఉంటే, వేడికి ఆపాదించదగినవి అర శాతం లోపే తేలాయి. ఆ పదమూడింటిలో భారతదేశం లేదు గనుక ఆ అంకెలను యథాతథంగా ఇక్కడికి తెచ్చుకోకూడదు. అయినా చలికి ఇచ్చిన మినహాయింపు ఎంత అమాయకమైనదో అవి చెబుతాయి. కృష్ణా తీరంలో జనవరి తెల్లవారుజాము కూడా ఒక శాలువాతో గడిచిపోతుంది. ఢిల్లీ ప్రాంతంలో అదే నెలలో పొగమంచు, అంతకు ముందు నవంబరులో ఊపిరి సలపనివ్వని కాలుష్యం ఉంటాయి. మే నెలలో ఎండను మాత్రమే చూసి ఊరు ఎంచుకున్నవారు జనవరిని లెక్కలో వేసుకోలేదన్నమాట.

తెలుగు పెద్దలు ఉత్తరానికి పోవడం కొత్తేమీ కాదు. కాశీలో దేహం చాలించాలన్న కోరికతో వెళ్ళి అక్కడే ఉండిపోయినవారు తరతరాలుగా ఉన్నారు; కాశీలోని శ్రీరామ తారక ఆంధ్రాశ్రమం నేటికీ తెలుగువారికి ఆశ్రయమిస్తోంది. గంగ ఒడ్డున వేసవి నిప్పులు చెరుగుతుందనీ, శీతకాలం వణికిస్తుందనీ వారికి తెలుసు. వెళ్ళింది మోక్షం కోసం గనుక వాతావరణం గురించి ఆత్మవంచన చేసుకోలేదు. నేటి వలస ఆలోచనలో ఆ స్పష్టత లేదు.

మూడో నమ్మకం అన్నిటికంటే ప్రమాదకరమైనది: ఊరు మారితే ప్రాణభయం తగ్గుతుందన్నది. వడగాడ్పుల మరణాలను లోతుగా పరిశీలించిన చోటల్లా ఇందుకు విరుద్ధమైన సంగతి బయటపడింది. 1995 జులైలో షికాగో నగరంలో వడగాడ్పులకు ఏడువందల మందికి పైగా చనిపోయారు. సామాజిక శాస్త్రవేత్త ఎరిక్ క్లైనెన్‌బర్గ్ ఆ నగరంలో పక్కపక్కనే ఉన్న రెండు పేటలను పోల్చాడు. రెండింటా ఎండ ఒకటే, పేదరికం దాదాపు ఒకటే, ఒంటరిగా ఉండే వృద్ధుల సంఖ్యా ఇంచుమించు ఒకటే. అయినా నార్త్ లాన్‌డేల్‌లో మరణాల రేటు సౌత్ లాన్‌డేల్ కంటే పది రెట్లు ఎక్కువ. ఎక్కువమంది పోయిన పేటలో కొట్లు మూతపడి, వీధులు పాడుబడి, ముసలివారు తలుపులు వేసుకుని లోపలే ఉండిపోయారు. తక్కువమంది పోయిన పేటలో వీధినిండా దుకాణాలు, ఫుట్‌పాత్‌ల నిండా జనం. వృద్ధులు బయటకు వచ్చారు, రానివారిని ఎవరో ఒకరు పలకరించారు. 2003 ఆగస్టులో ఫ్రాన్స్‌లో సుమారు పదిహేనువేల మంది, ఎక్కువగా వృద్ధులు, కుటుంబాలన్నీ సెలవుల మీద ఊళ్ళు వదిలిన రోజుల్లో చనిపోయారు. లిటన్ ఉన్న బ్రిటిష్ కొలంబియాలో 2021 నాటి వడగాడ్పులకు పోయినవారు 619 మంది. వారిలో మూడింట రెండు వంతులు డెబ్బై ఏళ్ళు పైబడినవారు; సగానికి మించి ఒంటరిగా ఉంటున్నవారు; దాదాపు అందరూ నాలుగు గోడల మధ్యే పోయారు.

ఈ సాక్ష్యాలన్నీ ఒక్క మాటే చెబుతున్నాయి. వృద్ధులను ఎండ ఒక్కటే చంపదు. ఎండకు ఒంటరితనం తోడైనప్పుడు చంపుతుంది. గవర్నర్‌పేట ఈ కొలతకు ఎలా తూగుతుందో చూడాలి. బీసెంట్ రోడ్డు తోపుడుబళ్ళ నుంచి ఏలూరు రోడ్డు పుస్తకాల షాపుల దాకా, లెనిన్ సెంటర్ పాత పుస్తకాల బడ్డీల దాకా, ఇక్కడ కాలు బయటపెడితే మనిషి తగులుతాడు. నర్సింగ్‌హోములకు పేరుపడిన సూర్యారావుపేట రిక్షా దూరం. ఇరవై ఏళ్ళుగా ఒకే డాక్టరు, ఒకే మందుల షాపు. చీటీ మరిచిపోయి వెళ్ళినా ఏ బీపీ మాత్రో కొట్టతనికి తెలుసు. పాలప్యాకెట్టు గుమ్మం ముందు అలాగే ఉండిపోతే ఎదురింటివారు తలుపు తడతారు. పనిమనిషి రెండురోజులు రాకపోతే ఎందుకు రాలేదో వీధి మొత్తానికి తెలుస్తుంది. నగర శివార్లలోని పదిహేనో అంతస్తు ఫ్లాటులో, పిల్లలు ఉదయం ఎనిమిదికి వెళ్ళి రాత్రి తొమ్మిదికి వచ్చే ఇంట్లో, ఇందులో ఏదీ దొరకదు. డెహ్రాడూన్‌లో అయితే భాష కూడా దొరకదు. ఒంట్లో నలతను తెలుగులో తప్ప సరిగా చెప్పుకోలేని మనిషి ఆస్పత్రిలో సగం రోగాన్ని చెప్పకుండానే మిగుల్చుకుంటాడు. డెబ్బయ్యో ఏట ఊరు మారడమంటే వేళ్ళతో పెకలించిన మామిడిచెట్టును వేరే పెరట్లో నాటడం లాంటిది. నీళ్ళు పోసినంత మాత్రాన అది పట్టుకోదు.

నాలుగోది డబ్బు. మకాం మార్పును ఒక్కసారి ఖర్చుగా చూపేవారు అమ్మకంపై మూలధన లాభాల పన్నును, కొనుగోలుపై స్టాంపు డ్యూటీని, దళారీ రుసుమును, కొత్త ఊళ్ళో నెలనెలా నిర్వహణ చార్జీలను పక్కనపెట్టి మాట్లాడతారు. అమ్మిన సొమ్ముతో మరో ఇల్లు కొంటే పన్ను మినహాయింపు దొరుకుతుంది. అద్దెకు ఉండదలిస్తే ఆ వెసులుబాటు ఉండదు. ప్రభుత్వ పింఛనుదారులకు జీవన ప్రమాణ పత్రం ఇప్పుడు ఎక్కడినుంచైనా ఇవ్వవచ్చు గనుక ఆ చిక్కు తీరింది. కానీ రాష్ట్రం దాటాక ఉద్యోగుల ఆరోగ్య పథకం కార్డు ఏ ఆస్పత్రిలో, ఏ చికిత్సకు చెల్లుతుందో ముందే విచారించుకోవాలి. పెళ్ళిళ్ళకూ పేరంటాలకూ కర్మలకూ వెనక్కి రావడం ఎలాగూ తప్పదు. వృద్ధులకు రైలు చార్జీల్లో ఉన్న రాయితీ 2020 మార్చి నుంచి లేదు. అన్నిటికీ మించి, నగరం నడిబొడ్డున ఒకసారి అమ్మిన ఇంటిని నచ్చలేదని వెనక్కి వచ్చి అదే ధరకు కొనగలిగేవారు ఉండరు.

ఈ ఖర్చు పక్కన ఇంట్లోనే ఉండి చేసుకునే ఏర్పాటు ఖర్చు పెట్టి చూడాలి. ఒక పడకగదికి ఏసీ పెట్టి, రాత్రికి ఎనిమిది గంటల చొప్పున అరవై రోజులు నడిపితే, గంటకు ఒకటింబావు యూనిట్ వేసుకున్నా ఆరువందల యూనిట్లు. యూనిట్ పది రూపాయలనుకున్నా వేసవి మొత్తానికి ఆరువేలు. హైదరాబాద్‌లో మోస్తరు ఫ్లాటు ఒక నెల అద్దెకు కూడా ఇది చాలదు. డాబా మీద సున్నమో తెల్లని చలువ పూతో వేస్తే లోపలి వేడి రెండు నుంచి ఐదు డిగ్రీల దాకా తగ్గుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో చలువ పైకప్పుల విధానాన్ని ప్రకటించింది ఇందుకే. పడమటి కిటికీకి వట్టివేళ్ళ తడిక, డాబా మీద పందిరి, పై అంతస్తులో ఉన్నవారు వేసవికి కింది గదిలోకి మారడం పాతకాలపు పద్ధతులైనా పనిచేసేవే. ఫ్యాను ఒక్కదానినే నమ్ముకోకూడదు. గాలి 40 డిగ్రీలు దాటాక అది వేడినే ఒంటి మీదికి తోస్తుంది.

వ్యక్తులు చేయలేనిది నగరం చేయాలి. 2010 మేలో సుమారు 1,300 అదనపు మరణాలను చూసిన అహ్మదాబాద్ ఊరొదిలి పొమ్మని వృద్ధులకు చెప్పలేదు. 2013లో దక్షిణాసియాలోనే తొలి వడగాడ్పుల కార్యాచరణ ప్రణాళికను తయారుచేసుకుంది. ముందస్తు హెచ్చరికలు, వార్డుల్లో తాగునీరు, ఆస్పత్రుల్లో ప్రత్యేక పడకలు, వైద్య సిబ్బందికి శిక్షణ దానిలోని అంశాలు. విజయవాడలో ప్రతి వార్డులో ఒంటరి వృద్ధుల జాబితా ఉండి, 42 డిగ్రీలు దాటిన రోజున సచివాలయ సిబ్బంది ఒక్కసారి తలుపు తట్టగలిగితే, వలస కంటే అది ఎక్కువ ప్రాణాలు నిలబెడుతుంది. వెళ్ళగలిగినవాళ్ళు వెళ్ళిపోతే ఈ డిమాండు చేసే గొంతులే తగ్గిపోతాయి. మిగిలేది ఎండలో పనిచేయక తప్పనివారు, కదలలేనివారు.

ఇంత ఏర్పాటు చేసుకున్నా మే నెల భరించలేనివారికి మధ్యేమార్గం ఉంది, దానికి చరిత్రా ఉంది. మద్రాసు ప్రభుత్వం బ్రిటిషు కాలంలో ఏటా వేసవికి ఊటీకి తరలిపోయేది. చల్లబడగానే మద్రాసు తిరిగొచ్చేది. రాజధానిని మాత్రం కొండ మీదికి మార్చలేదు. కృష్ణా జిల్లా తల్లిదండ్రులు చాలామంది ఇప్పుడు అమెరికాలోని పిల్లల దగ్గరికి వేసవి నెలల్లో వెళ్ళి, వీసా గడువు లోపల తిరిగి రావడం ఇదే పద్ధతి. అయితే ఆ పిల్లలు డాలస్‌లో ఉంటే అక్కడి జులై, ఆగస్టు ఎండ బెజవాడను మరిపించదు. ఏప్రిల్ ఆఖరు నుంచి మృగశిర దాకా ఆరు వారాలు కొడుకు దగ్గరో, కూతురి దగ్గరో, చల్లని ఊళ్ళో అద్దె గదిలోనో గడిపి రావడానికి ఇల్లు అమ్మనక్కరలేదు.

శాశ్వతంగా మకాం మార్చడం సరైన నిర్ణయమయ్యే సందర్భాలు లేకపోలేదు. జీవిత భాగస్వామి పోయి, ఊళ్ళో చూసేవారు లేక, పిల్లలు మనస్ఫూర్తిగా రమ్మంటున్నవారు వెళ్ళాలి. మూత్రపిండాలో గుండో బాగా దెబ్బతిని, వేడి తగలకూడదని వైద్యుడు కచ్చితంగా చెప్పినవారు వెళ్ళాలి. నిరంతర చికిత్స మరో నగరంలోనే దొరికేవారు వెళ్ళాలి. ఈ మూడింటిలో మొదటిదానికి కారణం తోడు, మిగతా రెండింటికి కారణం వైద్యం. వీటిలో ఏదీ లేనివారు అమ్మకం పత్రం మీద సంతకం పెట్టేముందు, వెళ్ళదలచిన ఊళ్ళో ఒక మే నెలా ఒక జనవరీ అద్దెకుండి చూడటం కనీస జాగ్రత్త.